రేడియేటర్ జాయింట్ కారుతోందా? బిగించాలా, టేపు చుట్టాలా, వాల్వ్ మార్చాలా

నవంబర్‌లో హీటింగ్ వేసిన మొదటి వారంలోనే మా ఇంట్లో హాలు రేడియేటర్ కింద కార్పెట్ మీద అరచేతి వెడల్పున నల్లమరక కనిపించింది. నీళ్ళ మరక నల్లగా ఎందుకుందని వేలితో రాస్తే బొగ్గుపొడి కలిపినట్టు అంటుకుంది. వంగి చూస్తే వాల్వ్ కింద నట్టు అంచున ఒక చుక్క వేలాడుతోంది. నిమిషానికి ఒకటి కూడా పడటం లేదు. ప్లంబర్‌కి ఫోన్ చేస్తే వారం దాకా కుదరదన్నారు. చేతికందిన స్పానర్ తీసుకుని నట్టును గట్టిగా తిప్పాను. నట్టుతో పాటే పైపు కూడా మెలి తిరిగింది, చుక్క కాస్తా సన్నటి ధార అయింది. ఆ రాత్రంతా గిన్నెలు మార్చుకుంటూ కూర్చున్నాం.

యూకే, ఐర్లండ్‌లలో ఉంటున్న మనవాళ్ళలో చాలామందికి వేడినీళ్ళ రేడియేటర్ కొత్త వస్తువు. మన ఊళ్ళలో దాని అవసరమే రాదు. అమెరికాలో ఉన్న చుట్టాలను అడుగుదామంటే వాళ్ళ ఇళ్ళలో ఎక్కువగా వేడిగాలి డక్టులే. షాపుకి వెళ్తే టేపు, పేస్టు, లీక్ సీలర్ సీసా, కొత్త వాల్వ్ అన్నీ ఒకే అరలో ఉంటాయి, అన్నిటి మీదా లీకు ఆగుతుందనే రాసి ఉంటుంది. ఏది కొనాలో అక్కడ నిలబడి తేల్చలేం. కారేది ఏ జాయింటో ఇంట్లోనే పట్టుకోవాలి. అది తెలిస్తే పై వాటిలో సగం మీకు అక్కర్లేదని అప్పుడే తేలిపోతుంది.

ముందు చుక్క ఎక్కడ పుడుతోందో చూడండి

చుక్క పడే చోటు వేరు, పుట్టే చోటు వేరు. నీరు పైపు మీదుగా జారి అడుగున ఉన్న నట్టు దగ్గర వేలాడుతుంది, మనం ఆ నట్టునే నిందిస్తాం.

హీటింగ్ ఆపి, రేడియేటర్ పూర్తిగా చల్లారనివ్వండి. లోపలి నీళ్ళు 60, 70 డిగ్రీల వేడి మీద ఉంటాయి, చెయ్యి కాలుతుంది. పాత గుడ్డతో వాల్వ్ చుట్టూ శుభ్రంగా తుడిచి, ప్రతి జాయింటుకీ విడివిడిగా ఒక్కో టిష్యూ ముక్క చుట్టండి. అరగంట తరువాత ఏది ముందు తడిసిందో చూడండి. తడవకపోతే అలాగే వదిలేసి పొద్దున చూడండి. లోహం చల్లబడి ముడుచుకున్నప్పుడే కారి, వేడెక్కగానే ఆగిపోయే జాయింట్లు ఉంటాయి. నట్టు మీద ఆకుపచ్చగానో తెల్లగానో పొక్కులాంటి పొర గట్టిపడి ఉంటే అక్కడ చాలాకాలంగా చెమ్మ ఊరుతోందని అర్థం.

చూడవలసిన చోట్లు ఐదు. ఒకటి, నేలలోంచి వచ్చే రాగి పైపు వాల్వ్‌లోకి దూరే చోట ఉన్న నట్టు. రెండు, వాల్వ్‌కీ రేడియేటర్‌కీ మధ్య అడ్డంగా ఉన్న పెద్ద నట్టు. మూడు, ఆ నట్టు దాటాక రేడియేటర్‌లోకి మరలతో (స్క్రూ గాట్లతో) బిగించిన చిన్న గొట్టం, దీన్ని ఇక్కడ వాల్వ్ టెయిల్ అంటారు. నాలుగు, వాల్వ్ తిప్పే కాడ మొదలు. ఐదు, రేడియేటర్ పై మూలల్లో గాలి తీసే బ్లీడ్ వాల్వ్, దానికి అటువైపు మూలలో ఉండే బిరడా.

ఈ ఐదూ పొడిగా ఉండి రేడియేటర్ రేకు మీదే, ముఖ్యంగా అడుగు అతుకు దగ్గర, తడి కనిపిస్తే అది జాయింటు సమస్య కాదు. లోపలి నుంచి తుప్పు తిని రంధ్రం పడింది. రేడియేటరే మార్చాలి. ఆ నల్లరంగు నీళ్ళు కూడా అదే కథ చెబుతాయి: ఉక్కు తుప్పు పట్టి, ఆ నల్ల ఐరన్ ఆక్సైడ్ నీళ్ళలో కలిసింది.

ఎంచుకునే ముందు తూకం వేసుకోవలసినవి

ఇల్లు మీదా, అద్దెదా? అద్దెదైతే కింద రాసిన ఏ పనీ మీరు చేయకండి, దాని సంగతి తరువాత చెబుతాను.

నీళ్ళు దించాలా, దించితే ఎన్ని? కొత్తవాళ్ళకు పని కష్టమయ్యేది ఇక్కడే. టెయిల్ దగ్గర కారితే రెండు వైపులా వాల్వులు మూసి ఆ ఒక్క రేడియేటర్ ఖాళీ చేస్తే చాలు. ఐదారు లీటర్ల పని. అదే కింద పైపు నట్టు అయితే, అది వాల్వ్‌కి ముందే ఉంది కాబట్టి వాల్వ్ మూసినా నీళ్ళు ఆగవు. మొత్తం సిస్టమ్‌లో ఆ ఎత్తు వరకు నీళ్ళు దించాల్సిందే.

ఎంతకాలం నిలవాలి? ప్లంబర్ వచ్చేదాకా నాలుగు రోజులు చాలా, లేక పదేళ్ళు మర్చిపోవాలా?

పని బెడిసికొడితే ఎవరి ఇల్లు తడుస్తుంది? కింద చెక్క నేల ఉన్న సొంత ఇల్లు వేరు, కింద ఇంకొకరి సీలింగ్ ఉన్న ఫ్లాట్ వేరు.

| మార్గం | ఏ జాయింటుకి | నీళ్ళు దించడం | నిలిచే కాలం | ఖర్చు సుమారుగా |
|---|---|---|---|---|
| కొద్దిగా బిగించడం | రెండు నట్లకూ, కాడ నట్టుకూ | అక్కర్లేదు | పట్టుకుంటే ఏళ్ళు | స్పానర్లు ఉంటే ఏమీ లేదు |
| టెఫ్లాన్ టేపు | టెయిల్, పాతరకం బిరడాలు | ఒక్క రేడియేటర్ | ఏళ్ళు | ఒకటి, రెండు పౌండ్లు |
| కొత్త ఆలివ్ (నట్టు లోపలి ఉంగరం), జాయింట్ పేస్టు | కింద పైపు నట్టు | సిస్టమ్ | ఏళ్ళు | పది పౌండ్ల లోపు |
| సిస్టమ్‌లో పోసే లీక్ సీలర్ | కనపడని, అందని సన్న లీకు | అక్కర్లేదు | చెప్పలేం | 15 నుంచి 25 పౌండ్లు |
| పుట్టీ, చుట్టే రబ్బరు టేపు | ఏదైనా, తాత్కాలికంగా | అక్కర్లేదు | రోజులు | ఐదారు పౌండ్లు |
| కొత్త వాల్వ్ | కాడ అరిగినా, వాల్వ్ పగిలినా | సిస్టమ్ | ఏళ్ళు | 10 నుంచి 30 పౌండ్లు |

బిగించడం: అందరూ చేసేదే, సగం మంది తప్పు చేసేదే

రెండు స్పానర్లు ఉండాలి. ఒకటి వాల్వ్ ఒంటిని కదలకుండా పట్టుకోవడానికి, ఇంకొకటి నట్టు తిప్పడానికి. నేను ఆ రోజు ఒక్కదానితో తిప్పాను, అందుకే పైపు మెలి తిరిగింది. ఒంటిని పట్టుకోకపోతే మనం పెట్టే బలమంతా నేలకింద ఎక్కడో ఉన్న ఇంకో జాయింటు మీద పడుతుంది. దాన్ని మీరు చూడలేరు.

రెండో పొరపాటు దిశ. కింద పైపు నట్టు బోర్లా ఉంటుంది. పైనుంచి చూస్తూ గడియారం దిశలో తిప్పితే అది వదులవుతుంది. నేల దగ్గర నుంచి పైకి చూస్తున్నట్టు ఊహించుకుని, ఆ చూపులో గడియారం దిశకు తిప్పాలి. అడ్డంగా ఉన్న పెద్ద నట్టుకైతే రేడియేటర్ వైపు నుంచి వాల్వ్ వైపు చూస్తున్నట్టు అనుకోండి. తిప్పే ముందు ఒక్కసారి చేత్తో గాల్లో తిప్పి సరిచూసుకోండి.

ఎనిమిదో వంతు చుట్టు తిప్పండి, తుడవండి, టిష్యూ చుట్టండి, గంట ఆగండి. అవసరమైతే ఇంకో ఎనిమిదో వంతు. పావు చుట్టుకి కూడా ఆగకపోతే ఆ జాయింటు బిగింపుతో ఆగేది కాదు. ఇంకా బిగిస్తే లోపలి ఇత్తడి ఉంగరం పైపును నొక్కేస్తుంది, ఆ తరువాత ఏది పెట్టినా పట్టదు.

నా అంచనాలో కొత్త ఇళ్ళలో, ఈమధ్యే రేడియేటర్ తీసి గోడకు రంగు వేయించుకున్న ఇళ్ళలో వచ్చే చుక్కలకు ఇదే మందు. పదేళ్ళుగా ఎవరూ ముట్టని జాయింటు ఇప్పుడు కారితే బిగింపు మీద పెద్ద ఆశ పెట్టుకోకండి.

టెఫ్లాన్ టేపు: ఎక్కడ చుట్టాలో తెలిస్తేనే

వీడియో కాల్‌లో మా నాన్నకు చూపిస్తే, "ఏరా, మన ఊళ్ళో ప్లంబర్ కొళాయికి దారం చుట్టి రంగు పూసేవాడు కదా, అట్లా చుట్టి బిగించు, అదే ఆగుద్ది" అన్నారు. ఇక్కడి పాత ప్లంబర్లు కూడా జనపనార పీచు చుట్టి పేస్టు పూసేవాళ్ళు. పద్ధతి మంచిదే. కానీ, "నాన్నా, ఇది మరల దగ్గర కారట్లేదు" అని చెప్పాల్సి వచ్చింది.

తేడా ఇదీ. రేడియేటర్‌లోకి బిగించే టెయిల్ విషయంలో నీళ్ళను ఆపవలసింది మరలే. ఆ మరల సందుల్ని టేపు నింపుతుంది. కింద పైపు నట్టులో మరలకు ఆ పని లేదు. అవి కేవలం లోపలి ఉంగరాన్ని నొక్కి పెడతాయి, నీళ్ళను ఆపేది ఆ ఉంగరం. అడ్డంగా ఉన్న పెద్ద నట్టులోనూ అంతే, రెండు లోహపు ముఖాలు ఒకదానికొకటి అదుముకుని ఆపుతాయి. ఈ రెండు నట్ల మరల మీద ఎంత టేపు చుట్టినా నీటికి అడ్డం పడదు, పైగా నట్టు సరిగ్గా బిగియకుండా చేస్తుంది.

కాబట్టి టిష్యూ టెయిల్ దగ్గర తడిస్తేనే టేపు కొనండి. ఇక్కడి షాపుల్లో పీటీఎఫ్ఈ టేపు అని అడగాలి.

పని ఇలా సాగుతుంది. థర్మోస్టాట్ తల ఉన్న వాల్వ్‌ను సున్నాకు తిప్పండి. మంచు గుర్తు దగ్గర ఆపకండి, గది బాగా చల్లబడితే అది తనంతట తెరుచుకుంటుంది. రెండోవైపు లాక్‌షీల్డ్ వాల్వ్ టోపీ తీసి, మూసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి గోడమీద పెన్సిల్‌తో రాసుకోండి. మళ్ళీ అన్నే చుట్లు తెరవాలి, లేకపోతే మిగతా గదులకు వేడి తేడా వస్తుంది. వాల్వ్ కింద బేకింగ్ ట్రే పెట్టి పెద్ద నట్టు కొద్దిగా వదులు చేయండి. పైన బ్లీడ్ మూసి ఉన్నంతసేపు నీళ్ళు మెల్లగా వస్తాయి. ట్రే నిండబోతుంటే నట్టు బిగించి, పారబోసి, మళ్ళీ మొదలుపెట్టండి. ఉరవడి తగ్గాక బ్లీడ్ తెరిస్తే మిగతావి దిగుతాయి. నీళ్ళు వచ్చి వచ్చి ఎప్పటికీ ఆగకపోతే వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట. నట్టు బిగించేసి అక్కడితో ఆపండి, అది ప్లంబర్ పని.

టెయిల్ విప్పడానికి మెట్లు మెట్లుగా ఉండే రేడియేటర్ స్పానర్ కావాలి, దాన్ని టెయిల్ లోపలికి దూర్చి తిప్పాలి. బయటికి తీశాక పాత టేపంతా పిన్నుతో లాగేయండి. మరలు నున్నగా ఉంటే హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా సన్న గీతలు పెట్టండి, టేపు జారకుండా పట్టుకుంటుంది. మరల కొన మీ ముఖం వైపు ఉండేలా పట్టుకుని గడియారం దిశలో, లాగి పట్టి, పది నుంచి పదిహేను చుట్లు చుట్టండి. మూడు చుట్లు సరిపోతాయని మొదటిసారి అనుకున్నాను, మర్నాటికి మళ్ళీ చెమ్మ. చుట్టాక వేలితో రుద్దితే మరల ఆకారం టేపు మీద తేలాలి. లోపలికి బిగించేటప్పుడు రాను రాను బిర్రుగా తగలాలి. బిగించాక మళ్ళీ కొంచెం వెనక్కి తిప్పకండి, తిప్పితే టేపు తెగి సందు పడుతుంది. అలా జరిగితే విప్పి కొత్తగా చుట్టుకోవడమే.

ఆలివ్ మార్చడం

పైపు చుట్టూ కూర్చునే ఆ ఇత్తడి లేదా రాగి ఉంగరాన్ని ఇక్కడ ఆలివ్ అంటారు. కింద నట్టు బిగించినా ఆగకపోతే నీళ్ళు దించి, నట్టు విప్పి దీన్ని చూడాలి. గీతలు పడి ఉంటే, వంకరగా కూర్చుని ఉంటే మార్చాలి. పాతది పైపును కరుచుకుని ఉంటుంది. ఆలివ్ పుల్లర్ అనే పనిముట్టుతో లాగడం మంచిది. చిన్న రంపంతో ఏటవాలుగా కోసి స్క్రూడ్రైవర్‌తో తిప్పి విడదీయవచ్చు కానీ పైపు మీద గీత పడితే అక్కడే మళ్ళీ కారుతుంది. పైపు మీద ఇప్పటికే సన్న గీతలుంటే రాగి ఆలివ్ తీసుకోండి, ఇత్తడి కంటే మెత్తన కాబట్టి ఒదిగి కూర్చుంటుంది. కొత్తదాని మీద జాయింట్ పేస్టు పలచగా పూసి, చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన స్పానర్‌తో ఒకటి, ఒకటింపావు చుట్టు.

పాత ఆలివ్ బాగానే ఉంటే తీయనక్కర్లేదు. దానిమీదే పేస్టు పూసినా, రెండు మూడు చుట్లు టేపు చుట్టినా పనిచేస్తుంది. టేపు ఆలివ్ మీద, మరల మీద కాదు. నేను మెలి తిప్పిన జాయింటు ఇలాగే ఆగింది.

మీ ఇంటి పైపు చూపుడువేలి కంటే బాగా సన్నగా, 8 లేదా 10 ఎంఎం ఉంటే ఈ పని ఇంట్లో మొదలుపెట్టకండి. ఆ రాగి గొట్టం తేలిగ్గా నలిగిపోతుంది. మామూలు పైపు 15 ఎంఎం.

నీళ్ళు దించడమంటే బాయిలర్ కరెంటు ఆపి, ఇంట్లో అన్నిటికన్నా కిందున్న డ్రెయిన్ కొళాయికి గొట్టం తగిలించి బయటికి వదలడం. మేడమీది రేడియేటరే కారుతుంటే నీటిమట్టం దాని కిందికి దిగితే చాలు, మొత్తం అక్కర్లేదు. అటకమీద చిన్న తొట్టి ఉన్న పాత సిస్టమ్ అయితే ఆ తొట్టిలోకి వచ్చే నీటిని ముందు కట్టేయాలి, లేకపోతే మీరు దించుతుంటే అది నింపుతూనే ఉంటుంది.

కాడ దగ్గర కారితే

చిన్న పని. ప్రెషర్ తగ్గించి, కాడ చుట్టూ ఉన్న చిన్న నట్టును ఎనిమిదో వంతు బిగించి చూడండి. ఆగకపోతే నట్టు పైకి లేపి, టెఫ్లాన్ టేపును దారంలా పేని కాడ చుట్టూ చుట్టి, లోపలికి నొక్కి మళ్ళీ బిగించాలి. థర్మోస్టాట్ వాల్వులకు ఇది కుదరదు, వాల్వ్ మార్చుకోవడమే. కొత్త వాల్వ్‌తో కొత్త టెయిల్ కూడా వస్తుంది. పాతది బాగుంది కదా అని ఉంచేయకండి, పాత టెయిల్ ముఖం కొత్త వాల్వ్ ముఖానికి సరిగ్గా అతకకపోవచ్చు.

లీక్ సీలర్ సీసా, ఎం-సీల్

సీలర్ సులువుగా కనిపిస్తుంది. సిస్టమ్‌లో పోస్తే నీళ్ళతో తిరిగి, బయటికి ఊరే చోట గట్టిపడుతుంది. నేల కాంక్రీటు కింద పైపు ఎక్కడో సన్నగా ఊరుతుంటే, నేల తవ్వే ముందు ఒకసారి ప్రయత్నించడంలో అర్థం ఉంది. కళ్ళెదుట కనిపిస్తున్న నట్టు కోసం ఇంటి నీళ్ళన్నిటిలో జిగురు కలపడం నాకు నచ్చదు. పోసే ముందు బాయిలర్ మాన్యువల్ చూడండి, సీలర్ వాడొద్దని రాసి ఉంటే వారంటీ పోతుంది.

ఇక ఎం-సీల్. ఇండియా నుంచి తెచ్చుకున్న ప్యాకెట్ మనవాళ్ళ వంటింటి డ్రాయర్లో తరచుగా కనిపిస్తుంది. ఇక్కడ దొరికే ఎపాక్సీ పుట్టీ కూడా అలాంటిదే. రోజుకి రెండుసార్లు వేడెక్కి చల్లారే జాయింటు ప్రతిసారీ వెంట్రుకవాసి కదులుతుంది, గట్టిపడిన పుట్టీ కదలదు, పగులుతుంది. పైగా రేపు వచ్చే ప్లంబర్ నట్టు విప్పడానికి దాన్ని చెక్కి తీయాలి. నాలుగు రోజులు గడవాలంటే లాగి చుట్టే రబ్బరు టేపు నయం, విప్పడానికి వీలుగా ఉంటుంది.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు: వాల్వులు రెండూ మూసి, గిన్నె పెట్టి, ఫొటో తీసి ఓనర్‌కో ఏజెంట్‌కో ఈమెయిల్ పంపండి. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం హీటింగ్ మరమ్మతు మామూలుగా ఓనర్ బాధ్యత. మీరు స్పానర్ పెట్టాక లీకు పెరిగితే డిపాజిట్ దగ్గర గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఇది మరీ మరీ చెబుతున్నాను.

బిల్డింగ్ మొత్తానికి ఒకే హీటింగ్ ఉన్న ఫ్లాట్ సొంతమైనా సరే, బిగించడం దాటి పోకండి. నీళ్ళు మీ ఇంటివి మాత్రమే కావు.

సొంత ఇల్లు, జనవరి చలి, ఇంట్లో పసిబిడ్డో పెద్దవాళ్ళో ఉన్నారు: బిగించి చూడండి. ఆగకపోతే రబ్బరు టేపు చుట్టి, గిన్నె పెట్టి ప్లంబర్‌ను పిలవండి. సిస్టమ్ దించి, ఆలివ్ పట్టక, రాత్రంతా హీటింగ్ లేకుండా ఉండాల్సి వస్తే ఆ టెన్షన్ పడలేరు. టెయిల్ పని అయితే భయం లేదు, ఆ ఒక్క రేడియేటర్ మూసి ఉంచి మిగతా ఇల్లు వేడి చేసుకోవచ్చు.

సొంత ఇల్లు, ఎండాకాలం, చేతిలో శని ఆదివారాలు: ఆలివ్ అయినా వాల్వ్ అయినా మీరే చేయండి. మే, జూన్ నెలలు దీనికి మంచివి. శనివారం పొద్దున మొదలుపెడితే ఏదైనా తక్కువైనా షాపు తెరిచే ఉంటుంది.

బాయిలర్ దగ్గరే కారుతుంటే దాని పెట్టె మూత విప్పకండి. గ్యాస్ పని చేసే అర్హత ఉన్నవాళ్ళ జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళనే పిలవండి.

పని అయ్యాక

దించిన నీళ్ళతో పాటు తుప్పును ఆపే ఇన్హిబిటర్ మందు కూడా పోతుంది. సీసా మీద రాసిన మోతాదు చూసి మళ్ళీ కలపండి. ఒక్క రేడియేటర్ ఖాళీ చేసినా ఆ మేరకు పలచబడుతుంది. అటకమీద తొట్టి లేని కాంబి బాయిలర్ అయితే ఫిల్లింగ్ లూప్ (సిస్టమ్‌లోకి కొళాయి నీళ్ళు ఎక్కించే గొట్టం) తెరిచి, చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ ముల్లు 1కీ 1.5 బార్‌కీ మధ్యకు వచ్చేదాకా నింపి, లూప్ గట్టిగా మూసేయండి. గాలి తీస్తే ముల్లు పడిపోతుంది, మళ్ళీ నింపాలి.

తరువాత బాగుచేసిన జాయింటుకి పొడి టిష్యూ చుట్టి హీటింగ్ వేయండి. గంటకొకసారి ముట్టి చూడండి. రాత్రి హీటింగ్ ఆపి పడుకుని, పొద్దున లేవగానే, మళ్ళీ వేయకముందే, టిష్యూనీ ముల్లునీ చూడండి. టిష్యూ పొడిగా ఉండి ముల్లు మాత్రం రోజురోజుకీ దిగుతుంటే ఇంకో జాయింటు ఎక్కడో కారుతోంది, మిగతా గదుల్లో కూడా టిష్యూలు చుట్టి వెతకండి. మా ఇంట్లో రెండోది మేడమీద మంచం వెనక దొరికింది.